కంపోస్ట్ బకెట్ కంపు కొడుతోంది, పురుగులు పట్టాయి. ఆపేయాలా?

చిన్నబాల్కనీ (ఆదివారం, ఉదయం 7:50)

అందరికీ నమస్కారం. ఆరు వారాల క్రితం ఇంట్లో కంపోస్ట్ మొదలుపెట్టాను. మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, అడుగున నాలుగు చిల్లులు, కింద ఒక పళ్లెం. కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, వాడేసిన టీ పొడి, గుడ్డు పెంకులు అన్నీ అందులోనే వేస్తున్నాను. వేసిన ప్రతిసారీ పైన గుప్పెడు మట్టి చల్లుతున్నాను.

మొదటి రెండు వారాలు బాగానే ఉంది. ఇప్పుడు మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. పళ్లెంలోకి నల్లటి నీళ్లు కారుతున్నాయి. నిన్న చూస్తే గోధుమరంగు పురుగులు, పదీ ఇరవై కాదు, వందల్లో ఉన్నాయి. పక్కింటివాళ్లు వాసన వస్తోందని మర్యాదగానే చెప్పారు కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఇంట్లోవాళ్లు పారేయమంటున్నారు. మళ్లీ ఆ తొక్కలన్నీ సంచిలో మూటగట్టి బయట పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ తప్పు జరిగింది? ఇది బాగుపడుతుందా?

మట్టివేళ్లు (ఆదివారం, ఉదయం 8:32)

పారేయకండి, బాగుపడుతుంది. ముందు మూడు సంగతులు చెప్పండి. మట్టి కాకుండా పొడిగా ఉండేవి, అంటే ఎండుటాకులు, అట్టముక్కలు లాంటివి వేస్తున్నారా? మూత ఎంత బిగుతుగా ఉంటుంది? లోపలి నుంచి ఒక గుప్పెడు తీసి పిండితే ఎన్ని నీళ్లు వస్తున్నాయి?

చిన్నబాల్కనీ (ఆదివారం, ఉదయం 9:10)

పొడివి ఏమీ వేయలేదండీ, మట్టి ఒక్కటే. మూత బాగా బిగుతుగా పడుతుంది, వాసన మొదలయ్యాక ఇంకా గట్టిగా నొక్కి మూస్తున్నాను. ఇప్పుడే గ్లవ్స్ వేసుకుని పిండి చూశాను. చుక్కలు కాదు, ధారే కారింది.

మట్టివేళ్లు (ఆదివారం, ఉదయం 10:25)

అయితే మొత్తం తెలిసిపోయింది. వాసన రాకూడదని మూత బిగించారు, ఆ బిగించడం వల్లే వాసన ఎక్కువైంది.

కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీళ్లే. తాజాగా ఉన్నప్పుడు వాటి మధ్య సందులుంటాయి, గాలి ఆడుతుంది. నాలుగు రోజులకి మెత్తబడి ఒకదాని మీద ఒకటి అణిగిపోతాయి. లోపలి నీరు బయటికొచ్చి ఆ సందులన్నీ నింపేస్తుంది. గాలి అందినంతసేపు పనిచేసే సూక్ష్మజీవులు అక్కడితో ఆగిపోతాయి, గాలి అక్కర్లేనివి రాజ్యమేలతాయి. మీకు వచ్చే కుళ్లిన గుడ్ల వాసన వాటి చలవే. మీరు చల్లిన మట్టి కొత్త సూక్ష్మజీవులను తెచ్చింది, నిజమే. కానీ తడిలో మట్టి బురదై ఉన్న సందులను కూడా మూసేసింది.

ఈరోజే చేయాల్సిన పని చెబుతాను. బాల్కనీలో పాత పేపర్లు పరిచి బకెట్ మొత్తం వాటి మీద బోర్లించండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పది నిమిషాలు కష్టంగానే ఉంటుంది. అట్టపెట్టెలను బొటనవేలంత ముక్కలుగా చింపి అందులో కలపండి. ఎంత తడి ఉందో దానికి రెండింతల పొడి, బరువులో కాదు, చూపుకి. కలిపాక గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. పిండి వదిలేసిన స్పాంజిలా ఉండాలన్నమాట.

ఖాళీ బకెట్ చుట్టూ, పైనుంచి కిందదాకా పెన్సిల్ దూరేంత చిల్లులు పెట్టండి. నాలుగు చాలవు, ముప్పై నలభై పెట్టండి. అడుగున నాలుగు వేళ్ల మందాన పొడి పరిచి, కలిపినదంతా తిరిగి నింపి, పైన మళ్లీ రెండు వేళ్ల మందాన పొడి కప్పండి. మూత వదులుగా పెట్టండి. పళ్లెంలోని నల్ల నీళ్లను కూడా ఆ అట్టముక్కల మీదే పోసేయండి, పీల్చేసుకుంటాయి. కంపు కొట్టే ఆ నీటిని మాత్రం తినే ఆకుకూరల మొక్కలకు పోయకండి.

రేపటి నుంచి ఒక మగ్గు తడి వేస్తే రెండు మగ్గుల పొడి వేయాలి. అలసిపోయి వచ్చిన రోజు కూడా ఇది తప్పకూడదు. పొడి అయిపోతే తడి వేయడం ఆపండి.

సూక్ష్మజీవి (ఆదివారం, మధ్యాహ్నం 12:05)

నేను మైక్రోబయాలజీ చెబుతాను కాబట్టి రెండు ముక్కలు కలుపుతాను.

ముందు పురుగుల సంగతి. చదునుగా, కణుపులు కణుపులుగా, గోధుమరంగులో ఉంటే అవి దాదాపుగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలే. తెల్లగా, ఒకవైపు మొనదేలి ఉంటే మామూలు ఈగ పురుగులు. సోల్జర్ ఫ్లై పురుగులు కుళ్లే పదార్థాన్ని విపరీతంగా తింటాయి, మనకు హాని చేయవు. పెద్ద ఈగ కుట్టదు, కరవదు, మన ఆహారం మీద వాలడం కూడా అరుదు. చంపొద్దు. పొడి పెరిగి తడి తగ్గితే వాటంతట అవే తగ్గిపోతాయి.

ఇక ఆ రెండింతల లెక్క ఎందుకంటే, సూక్ష్మజీవులకు శక్తి కోసం కార్బన్ కావాలి, ఒళ్లు పెంచుకోవడానికి నైట్రోజన్ కావాలి. వాటికి హాయిగా ఉండేది ఒక వంతు నైట్రోజన్‌కి 25 నుంచి 30 వంతుల కార్బన్. వంటింటి తొక్కల్లో ఇది సుమారు 15 నుంచి 20 ఉంటుంది, ఎండుటాకుల్లో 50 దాటుతుంది, అట్టల్లో వందల్లో ఉంటుంది. అందుకే తొక్కలు ఒక్కటే వేస్తే నైట్రోజన్ మిగిలిపోయి అమ్మోనియాగా ఎగిరిపోతుంది. ఎప్పుడైనా కళ్లు మండే ఘాటు వాసన వస్తే అది అమ్మోనియా అనుకోండి, దానికీ మందు పొడే. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి లేదని అర్థం. కాస్త పుల్లటి వాసన మొదట్లో మామూలే. చివరికి తొలకరి వానకి తడిసిన మట్టి వాసన వస్తుంది. దాన్ని పుట్టించేది జియోస్మిన్ అనే పదార్థం, తయారుచేసేవి ఆక్టినోమైసీట్లనే బ్యాక్టీరియా. పైన తెల్లటి బూజులాంటి దారాలు కనిపిస్తే కంగారుపడకండి, అవీ పనివాళ్లే.

ఎండుటాకు (ఆదివారం, మధ్యాహ్నం 1:40)

"పొడి వేయండి" అని అందరూ సులువుగా అంటారు. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి అసలు కష్టం అక్కడే. నేను రెండేళ్లు దీనికోసమే అవస్థపడ్డాను కాబట్టి రాస్తున్నాను.

ఇంటికి వచ్చే ప్రతి అట్టపెట్టెనీ దాచండి. మామూలు కాగితం తడిస్తే అట్టులా అతుక్కుపోతుంది. అట్టపెట్టెలో మాత్రం రెండు పొరల మధ్య అలలు అలలుగా ఒక మడత ఉంటుంది చూడండి, ఆ సొరంగాల్లో గాలి నిలుస్తుంది. చింపే ముందు టేపు తీసేయాలి. పొడిగా ఉన్నప్పుడు లాగితే సగం టేపు అట్టతోనే చినిగి వస్తుంది. చేతిని తడిపి ఆ చోట రుద్ది ఒక నిమిషం ఆగితే పైపొరతో సహా మొత్తం పట్టీలా ఊడి వస్తుంది. నేను రాత్రిపూట ఎవరితోనైనా ఫోన్ మాట్లాడుతూ చింపుతుంటాను, అరగంటలో ఒక సంచి నిండుతుంది.

గుడ్లు వచ్చే కాగితపు గుజ్జు ట్రేలు చాలా మంచివి. రంగులు, రసాయనాలు పూయని చెక్క నుంచి వచ్చిన రంపపు పొట్టు కూడా వేయొచ్చు, అయితే సన్నగా ఉంటుంది కాబట్టి అట్టముక్కలతో కలిపి వేయండి. ఆకులు రాలే కాలంలో రెండు బస్తాలు నింపి పెట్టుకుంటే ఏడాదంతా దిగులుండదు. నిగనిగలాడే పత్రికల కాగితం, ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులు, షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లు రసీదులు వద్దు. ఆ రసీదుల మీద అచ్చు కోసం పూసే రసాయనం మట్టిలోకి పోకూడదు.

వానపాములఇల్లు (ఆదివారం, సాయంత్రం 5:15)

ఇంత అవస్థ ఎందుకండీ, ఒక అరకిలో వానపాముల్ని వేయండి, అవే చూసుకుంటాయి. మా ఇంట్లో నాలుగేళ్లుగా అవే పని చేస్తున్నాయి.

సూక్ష్మజీవి (ఆదివారం, సాయంత్రం 6:02)

@వానపాములఇల్లు గారు, మీ డబ్బా చక్కగా కుదురుకుంది కాబట్టి మీకు సులువు. ఈయన బకెట్లో ఇప్పుడు వానపాముల్ని వేస్తే గాలి ఆడక ఒక్క రాత్రిలో చచ్చిపోతాయి.

వానపాములఇల్లు (ఆదివారం, రాత్రి 8:44)

ఒప్పుకుంటున్నాను, తొందరపడి రాశాను. నా మొదటి విడత అలాగే పోయింది, పొద్దున లేచి చూస్తే అన్నీ డబ్బా గోడల మీదకి ఎగబాకి ఎండిపోయి ఉన్నాయి. చాలా బాధపడ్డాను.

చేయాలనుకునేవాళ్ల కోసం సరిగ్గా రాస్తాను. తోటలో తవ్వితే దొరికే వానపాములు దీనికి పనికిరావు, అవి మట్టి లోతుల్లో బతికేవి. కావలసినవి ఐసీనియా ఫెటిడా అనే ఎర్ర వానపాములు, ఇవి కుళ్లే ఆకుల మధ్య, పైపైనే బతుకుతాయి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, 35 దాటితే బతకడం కష్టం. ముందు తడిపి పిండిన కాగితం, కొబ్బరి పీచు పొడితో పరుపు వేసి, వాటిని వదిలి, వారంపాటు కొంచెం కొంచెంగా తిండి పెట్టాలి. అలవాటు పడ్డాక రోజుకి వాటి బరువులో సగం దాకా తింటాయి. నిమ్మజాతి తొక్కలు, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, నూనె ఉన్నవి పెట్టకూడదు. వాటిని మామూలు కంపోస్ట్‌లో వేసుకోవచ్చు, ఉప్పూ నూనే తప్ప.

వంటింటికిటికీ (సోమవారం, ఉదయం 6:58)

వండిన పదార్థాలు, మాంసం, చేపల ముళ్లు, పాలపదార్థాలు ఏం చేయాలి? ఇవి కంపోస్ట్‌లో వద్దంటారు. మా ఇంట్లో ఇవే ఎక్కువ.

మట్టివేళ్లు (సోమవారం, ఉదయం 7:30)

చిన్న బకెట్లో వద్దు. కంపు, ఎలుకలు. కుప్ప పెద్దదైతే, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి మీటరు దాకా ఉంటే లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టి చాలావరకు రోగకారకాలు, కలుపు విత్తనాలు చచ్చిపోతాయి. 20 లీటర్ల బకెట్లో పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. అందుకే తెగులు పట్టిన మొక్కలు, గింజలు పట్టిన కలుపు కూడా మనం వేయం. కుక్కల, పిల్లుల మలం అసలే వద్దు, వాటిలోని పరాన్నజీవులు మన ఆకుకూరల దాకా వస్తాయి.

మీకు బొకాషి సరిపోతుంది. జపాన్ పద్ధతి. గాలి చొరని డబ్బాలో, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పట్టించిన తవుడు పొరలు పొరలుగా చల్లుతూ నింపి, మూత బిగించి రెండు వారాలు వదిలేస్తారు. అది కుళ్లదు, ఊరగాయలా పులుస్తుంది. వండినవీ, మాంసమూ కొద్దికొద్దిగా వేయొచ్చు. కానీ రెండు వారాల తర్వాత వచ్చేది ఇంకా ఎరువు కాదు. పుల్లగా ఉంటుంది, నేరుగా వేళ్లకి తగిలితే మొక్క వాడిపోతుంది. మట్టిలో పూడ్చి మరో రెండు మూడు వారాలైనా ఆగాలి. అంటే పూడ్చడానికి కాస్త నేలో, పెద్ద మట్టి తొట్టో ఉండాలి. అమ్మేవాళ్లు ఈ రెండో సగం గట్టిగా చెప్పరు, అందుకే విడమరిచి రాశాను.

కొత్తమొలక (సోమవారం, మధ్యాహ్నం 2:20)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. "కంపోస్టబుల్" అని రాసి ఉన్న సంచిలో తొక్కలు కట్టి అలాగే డబ్బాలో వేశాను. ఎనిమిది నెలలైంది. తొక్కలు మట్టయ్యాయి, సంచి మాత్రం మీద అక్షరాలతో సహా అలాగే ఉంది. మోసపోయినట్టు అనిపిస్తోంది.

సూక్ష్మజీవి (సోమవారం, మధ్యాహ్నం 3:05)

అలాంటి సంచుల్లో చాలావాటిని పరీక్షించేది పారిశ్రామిక కంపోస్ట్ పరిస్థితుల్లో, అంటే దాదాపు 58 డిగ్రీల వేడిలో. మీ డబ్బాలో ఆ వేడి ఎప్పుడూ రాదు. ఇంటి కంపోస్ట్‌కి పనికొస్తుందని విడిగా రాసి, గుర్తింపు ముద్ర ఉంటేనే నమ్మండి. ఇక "బయోడిగ్రేడబుల్" అన్న ఒక్క మాటతో ఎంత కాలానికి, ఏ పరిస్థితుల్లో కరుగుతుందో ఏమీ తెలియదు. టీ బ్యాగులదీ ఇదే గొడవ. కొన్నిటి అంచులు అతికించడానికి పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వాడతారు, కొన్ని బ్యాగులనైతే మొత్తం ప్లాస్టిక్ వలతోనే చేస్తారు. చించి లోపలి పొడి వేసి బ్యాగు పక్కన పెట్టండి.

చిన్నబాల్కనీ (గురువారం, రాత్రి 9:15)

ఆదివారం సాయంత్రమే మొత్తం బోర్లించాను. అడుగున ఒక జానెడు మందాన నల్లటి ముద్ద, దానిమీద పురుగుల పొర. పైన వేసిన తొక్కలు ఇంకా రంగు మారకుండా ఉన్నాయి. మూడు అట్టపెట్టెలు పట్టాయి. చిల్లులు పెట్టడానికి మేకు వేడిచేసి కిటికీ బయట చెయ్యి పెట్టి గుచ్చాను.

సోమవారం వాసన అలాగే ఉంది. మంగళవారం సగమైంది. నిన్న రాత్రి మూత తీసి ముఖం దగ్గరగా పెట్టాను, తడిసిన అట్ట వాసన తప్ప ఏమీ లేదు. చెయ్యి లోపలికి పెడితే మధ్యలో గోరువెచ్చగా తగిలింది! ఇంట్లోవాళ్లని పిలిచి చెయ్యి పెట్టించాను. @మట్టివేళ్లు గారూ, @సూక్ష్మజీవి గారూ, @ఎండుటాకు గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఒక్క ఇబ్బంది ఉంది. ఇంత పొడి వేస్తుంటే బకెట్ త్వరగా నిండిపోతోంది.

మట్టివేళ్లు (గురువారం, రాత్రి 9:50)

రెండో బకెట్ పెట్టండి. ఒకటి నిండుతుంటే ఇంకొకటి మాగుతుంది. నిండినదాన్ని వారానికోసారి కిందది పైకి వచ్చేలా తిరగేయండి, మరీ పొడిబారితే నీళ్లు చిలకరించండి. ఎలాగూ చివరికి అదంతా మూడో వంతుకి తగ్గిపోవచ్చు.

తూకం (శుక్రవారం, ఉదయం 6:30)

రెండో బకెట్ కొనే ముందు ఒక మాట వింటారా? ఒక వారం రోజులు, బకెట్లో వేసే ముందు అన్నీ తూచండి. తూచేటప్పుడు రెండు కుప్పలు చేయండి. తొక్కలు, తొడిమలు, పెంకులు ఒకవైపు. ఒకప్పుడు తినదగినవై ఉండి పాడైపోయినవి ఇంకోవైపు.

నేను కంపోస్ట్ మొదలుపెట్టిన ఏడాదికి ఈ పని చేశాను. సగానికి దగ్గరగా రెండో కుప్పే వచ్చింది. వాడిపోయిన ఆకుకూర కట్టలు, ఫ్రిజ్ వెనక మెత్తబడిన టమాటాలు, ఒకవైపు కోసి మర్చిపోయిన కాయలు. ఎరువవుతుంది కదా అన్న ధైర్యంతో పారేయడం నాకు తేలికైపోయింది. అది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక కట్ట ఆకుకూర వెనక ఎంత నీరు, ఎవరి నడుంనొప్పి, ఎంత డీజిల్ ఉంటుంది! దాన్ని ఎరువు చేస్తే తిరిగొచ్చేది పిడికెడు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే, మనిషికి ఏడాదికి సగటున 79 కిలోలు. తినలేని తొక్కలు, ఎముకలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. అయినా చిన్న సంఖ్య కాదు.

మా ఇంట్లో మారినవి చెబుతాను. ఫ్రిజ్‌లో పైఅర ముందుభాగం "ముందు ఇవి" అని కేటాయించాం, పాతవన్నీ అక్కడికి వస్తాయి, వంట అక్కడ మొదలవుతుంది. ఆకుకూరల్ని పొడి గుడ్డలో చుట్టి పెడుతున్నాం. అరటిపండ్లు, ఆపిల్స్, టమాటాలు పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, పక్కనున్న ఆకుకూర దాంతో త్వరగా పసుపెక్కుతుంది, అందుకే వాటిని దూరం పెట్టాం. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు ఒకే బుట్టలో పెట్టడం మానేశాం. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం, బజారుకి వెళ్లేముందు ఫ్రిజ్ తలుపు తీసి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవడం. మూడు నెలలకి రెండో కుప్ప పావు వంతుకి తగ్గింది.

ఎండుటాకు (శుక్రవారం, ఉదయం 8:12)

@తూకం గారు, మీ మాట నిజమే. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇది చదివి తప్పు చేస్తున్నామని బెదిరిపోతారేమోనని నా భయం. కంపోస్ట్ చేయనివాళ్లింట్లో కూడా ఆ ఆకుకూర పాడవుతుంది కదా.

తూకం (శుక్రవారం, ఉదయం 9:03)

బెదిరించాలని కాదండీ. కంపోస్ట్ వల్లే నా చెత్తని నేను దగ్గరగా చూశాను, సంచిలో కట్టి పారేసిన రోజుల్లో అసలు కంటపడేది కాదు. చూడటం మొదలుపెట్టాం కాబట్టి ఇంకో అడుగు వేద్దామంటున్నాను.

సూక్ష్మజీవి (శుక్రవారం, ఉదయం 9:40)

దీనికి ఒకటి కలుపుతాను. ఆదివారం నాటి @చిన్నబాల్కనీ గారి బకెట్ ఉంది చూశారూ, గాలి లేక, నీళ్లు నిండి, అణిగిపోయి. పెద్ద చెత్తకుప్పల లోతుల్లో మనం పారేసే తొక్కలకి జరిగేది అదే. అక్కడ పుట్టే వాయువుల్లో ముఖ్యమైనది మీథేన్. దానికి వాసన ఉండదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. నూరేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే మీరు అట్టముక్కలు కలిపి గాలి ఆడించిన ఆ సాయంత్రం నాకు చాలా విలువైన పనిగా కనిపిస్తోంది.

చిన్నబాల్కనీ (పదకొండు వారాల తర్వాత, శనివారం)

మళ్లీ వచ్చాను. మొదటి బకెట్ నల్లగా, పొడిపొడిగా అయింది. అట్ట జాడ కనిపించడం లేదు, గుడ్డు పెంకులు మాత్రం అలాగే ఉన్నాయి. వాడేయొచ్చా?

మట్టివేళ్లు (శనివారం)

పెంకులు చాలాకాలం అలాగే ఉంటాయి, నష్టం లేదు. ఇకముందు ఎండబెట్టి పొడి చేసి వేయండి. ఎరువు మాగిందో లేదో చూడాలంటే కొంచెం తడిపి, జిప్ సంచిలో గాలి లేకుండా మూసి మూడు రోజులు ఉంచండి. తెరిస్తే మట్టి వాసన వస్తే అయినట్టే, కంపు వస్తే ఇంకో నెల ఆగాలి. దాంతోపాటు గింజల పరీక్ష కూడా చేయండి. ముల్లంగి గింజలు పదేసి, ఒక కుండీలో మామూలు మట్టి, ఇంకో కుండీలో మీ ఎరువు కలిపిన మట్టి. వాడేటప్పుడు నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు ఎరువు కలపండి. ఉత్త ఎరువులో మొక్క నాటొద్దు.

చిన్నబాల్కనీ (మరుసటి శనివారం)

సంచి తెరిచాను, మట్టి వాసనే! మామూలు మట్టిలో తొమ్మిది గింజలు మొలిచాయి, ఎరువు కలిపిన దాంట్లో కూడా తొమ్మిదే. కాడలు మాత్రం ఎరువు ఉన్నచోట కాస్త లావుగా ఉన్నాయి.

@తూకం గారు, మీరు చెప్పినట్టే తూచాను. మొదటి వారం రెండో కుప్ప కిలో 400 గ్రాములు, పోయిన వారం 350. రెండో బకెట్ కొన్నాను కానీ నిండటానికి చాలా రోజులు పట్టేలా ఉంది.

ఈరోజు ఎరువంతా జల్లెడ పట్టాను. పైన మిగిలినవి ఏరి కాగితం మీద పేర్చాను. పండ్ల మీద అంటించే ప్లాస్టిక్ స్టిక్కర్లు పదకొండు, రబ్బర్ బ్యాండ్ ఒకటి, టీ బ్యాగు వలలు మూడు, ఒక మామిడి టెంక. టెంకని రెండో బకెట్లో వేశాను. స్టిక్కర్లు మాత్రం అన్నీ కొత్తగా, రంగు కూడా పోకుండా ఉన్నాయి. ఇప్పుడు పండ్లు ఇంటికి రాగానే ముందు వాటిని ఒలిచేస్తున్నాను.